జడుపుకూ పరిహారం ఉంది

(హైవే పక్కన ఉన్న ఒక మండల కేంద్రం గ్రంథాలయంలో, రోడ్డు ప్రమాద బాధితుల కుటుంబాలను ఉద్దేశించి ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఎండ ఇంకా దిగనే లేదు, అయినా ఇంతమంది వచ్చి కూర్చున్నారు. యాక్సిడెంటు అన్నది మీలో చాలామందికి పేపర్లో చదివే వార్త కాదని దీన్నిబట్టే తెలుస్తోంది. నేనూ హైవే పక్క ఊళ్ళోనే పుట్టాను. రాత్రిపూట బ్రేకుల శబ్దం వినపడితే మా అమ్మ మంచం మీద లేచి కూర్చునేది. ఆ వెనకాల రావలసిన రెండో శబ్దం కోసం చెవులు రిక్కించి వినేది. అది రాకపోతే దణ్ణం పెట్టుకుని మళ్ళీ పడుకునేది. నాకు తెలిసి అమ్మకు ఎప్పుడూ ఏ ప్రమాదమూ జరగలేదు. అయినా ఆ అలవాటు చివరిదాకా పోలేదు.

ఇన్నేళ్ళుగా నేను చేస్తున్నవి ఎక్కువగా మోటారు ప్రమాదాల కేసులే. కాలు విరిగితే ఎంత వస్తుంది, చెయ్యి పోతే ఎంత వస్తుంది అన్న లెక్కలు మీకు ఎవరైనా చెబుతారు. ఈ రోజు నేను వచ్చింది జడుపు గురించి మాట్లాడటానికి.

జడుపు అనే మాట మన ఇళ్ళల్లో ఎప్పటినుంచో ఉంది. పిల్లాడు దేన్నో చూసి జడుసుకున్నాడు అంటాం. జడుపు జ్వరం అంటాం. ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీస్తాం, తాయెత్తు కట్టిస్తాం, దర్గా దగ్గరికి తీసుకెళ్ళి నెమలీకతో దులిపిస్తాం. వాటితో తగ్గుతుందా లేదా అన్నది నేనిప్పుడు మాట్లాడను. ఒంటి మీద గీత పడకపోయినా మనిషి దెబ్బతింటాడని మన అమ్మమ్మలు గుర్తుపట్టారు, అది ముఖ్యం. డాక్టర్లు ఇందులో ఒక రకాన్ని పీటీఎస్‌డీ అంటారు, అంటే పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, ఘోరమైన సంఘటన తర్వాత మనసుని వదలని జబ్బు. కోర్టులో దాన్ని 'పెయిన్ అండ్ సఫరింగ్', అంటే నొప్పి, బాధ, అనే పద్దు కింద వేస్తారు. మీరు ఏ పేరుతో పిలిచినా సరే, దానికి పరిహారం అడిగే హక్కు మీకుంది. అడగనివాళ్ళే ఎక్కువమంది.

ఎందుకు అడగరో నాకు ఒక టీచరు గారి కేసుతో అర్థమైంది. కొన్నేళ్ళ కిందటి సంగతి. పేరూ ఊరూ చెప్పను, ఆనవాలు తెలియకుండా కొన్ని వివరాలు మార్చి చెబుతాను.

ఆయన, భార్య, ఎనిమిదేళ్ళ పాప పెళ్ళి చూసుకుని తెల్లవారుజామున కారులో వస్తున్నారు. డాబా హోటలు దగ్గర నుంచి ఒక లారీ రాంగ్ రూట్లో ఎదురొచ్చింది. ఆయనకు మెడ పక్క ఎముక, కాలర్ బోన్, విరిగింది. ఆవిడకు నుదుటి మీద నాలుగు కుట్లు పడ్డాయి. పాపకు మోచేతులు దోక్కుపోయాయి, అంతే. దేవుడి దయవల్ల బయటపడ్డాం అనుకున్నారు అందరూ. రెండు నెలల్లో ఎముక అతుక్కుంది, ఆయన బడికి వెళ్ళిపోయారు.

కాగితాల మీద సంతకాలు పెట్టడానికి మా ఆఫీసుకి వచ్చినప్పుడు దంపతులిద్దరూ రెండు బస్సులు మారి వచ్చారు. కారు ఇంకా షెడ్డులోనే ఉందా అని అడిగాను. ఆయన తల దించుకున్నారు. ఆవిడ చెప్పింది: "బాగై వచ్చి నెల దాటింది మేడం. మీద కప్పిన కవరు కూడా తీయలేదు." ఎందుకని అడిగితే ఆయన, "పెట్రోలు ఖర్చండీ" అన్నారు. నేను ఊరుకుని ఉంటే ఆ కేసు కాలర్ బోన్ కేసుగానే ముగిసేది. రాత్రుళ్ళు నిద్ర పడుతోందా సార్ అని అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు. ఆవిడ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

తర్వాతి వాయిదాకి ఆవిడ ఒక కేలండరు చుట్టి తీసుకొచ్చింది. తిథి, వారం, రాహుకాలం రాసి, పెద్ద పెద్ద గళ్ళు ఉండే గోడ కేలండరు. ఆ గళ్ళలో పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన రోజు, చాకలి పద్దు ఉన్నాయి. వాటి మధ్యలో సన్నటి అక్షరాలతో ఇంకేవో ఉన్నాయి. 'రాత్రి 2కి లేచారు, మళ్ళీ పడుకోలేదు.' 'పాప పక్క తడిపింది.' 'హారన్ కొడితే గిన్నె జారవిడిచారు.' 'బడికి నడిచే వెళ్ళారు, నాలుగో రోజు.' 'తమ్ముడి గృహప్రవేశం, వెళ్ళలేదు, కారులో అన్నారని.' ఆవిడ కేసు కోసం రాసుకోలేదు. ఎవరికీ చెప్పుకోలేక పాల లెక్క పక్కన రాసుకుంది.

ఆ కేలండరుని కోర్టులో ఎగ్జిబిటుగా, అంటే సాక్ష్యపు కాగితంగా, వేశాం. ఆవిడ్ని సాక్షిగా పెట్టాం. క్రాస్‌లో, అంటే ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు, ఇన్సూరెన్స్ తరఫు వకీలు గారు, "ఇదంతా కేసు కోసం తర్వాత కూర్చుని రాసింది కదమ్మా?" అన్నారు. ఆవిడ తడుముకోకుండా, "పాల లెక్క కూడా కేసు కోసమే రాశానా అండీ?" అంది. జడ్జి గారు కేలండరు తన దగ్గరికి తెప్పించుకుని, నెల నెలా తిప్పి చదివారు. నెలలు మారేకొద్దీ పెన్ను రంగు మారింది, నూనె మరకలున్నాయి, ఒక చోట పసుపు చెయ్యి అంటింది. అది ఒక రోజు కూర్చుని రాసింది కాదని చూడగానే తెలిసిపోతుంది.

మళ్ళీ ప్రమాదం రోజు దగ్గరికి వెళ్దాం. 108 వచ్చి క్యాజువాలిటీలో చేర్చింది. డ్యూటీ డాక్టరు ఎంఎల్‌సీ, అంటే పోలీసులకు తెలియజేయాల్సిన మెడికో లీగల్ కేసు కాగితం, రాశారు. దాన్నిబట్టి పోలీసులకు వూండ్ సర్టిఫికెట్ వెళ్ళింది. అందులో గాయాలు వరసగా ఉంటాయి, పక్కన సింపుల్ (మామూలు) అనో గ్రీవియస్ (తీవ్రం) అనో ఉంటుంది. తీవ్ర గాయం అంటే ఏమిటో పాత ఐపీసీ 320 సెక్షన్లో ఎనిమిది రకాలుగా రాశారు. ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 116 సెక్షన్లోనూ దాదాపు అదే ఉంది. కన్ను పోవడం, వినికిడి పోవడం, కీలు పనిచేయకపోవడం, ముఖం శాశ్వతంగా వికారం కావడం, ఎముక గానీ పన్ను గానీ విరగడం, ఇలా సాగుతుంది. పన్ను కదిలినా ఆ జాబితాలో చోటుంది. ఆరు నెలలు కంటి మీద కునుకు లేకపోతే చోటు లేదు.

ఆ జాబితా నేరం చేసినవాడికి ఎంత శిక్ష వేయాలో చెప్పడానికి. పరిహారం వేరే చట్టం కింద వస్తుంది. అది 1988 నాటి మోటారు వాహనాల చట్టం. అందులో 166 సెక్షన్ కింద పిటిషన్ వేస్తాం, 168 సెక్షన్ ప్రకారం ట్రిబ్యునల్, అంటే ఈ ప్రమాదాల కేసులు వినే కోర్టు, 'న్యాయమైన పరిహారం' నిర్ణయించాలి. ఎముకకే ఇవ్వాలి, మనసుకి ఇవ్వకూడదు అని ఆ సెక్షన్లో ఎక్కడా లేదు. కానీ ఆచరణలో ఏం జరుగుతోంది? వూండ్ సర్టిఫికెట్‌లో ఉన్నదే పిటిషన్లో రాస్తున్నారు, పిటిషన్లో ఉన్నదే సాక్ష్యంలో చెబుతున్నారు, సాక్ష్యంలో ఉన్నదే తీర్పులో వస్తోంది. మొదటి కాగితంలో జడుపు లేదు గనక చివరి కాగితంలోనూ ఉండదు. నా బాధంతా ఇదే. చట్టంలో చోటు ఉంది, కాగితంలో లేదు. కాగితంలోకి ఎక్కించే పని మీరూ మేమూ కలిసి చేయాలి.

చట్టంలో చోటుందని నేను ఊరికే అనడం లేదు. 1995లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. మా వకీళ్ళందరికీ అది హట్టంగడి కేసుగా తెలుసు. ప్రమాదం వల్ల నడుం కింది భాగం చచ్చుబడిపోయిన ఒక న్యాయవాది కేసు అది. డబ్బుతో లెక్కకట్టగల నష్టం, లెక్కకట్టలేని నష్టం అని కోర్టు రెండుగా విడదీసింది. రెండోదానిలో ఏమేం వస్తాయో చెబుతూ, మనసుకూ శరీరానికీ తగిలిన షాక్, ఇప్పటిదాకా పడ్డ బాధ, ఇక ముందు పడబోయే బాధ అని రాసింది. అసౌకర్యం, కష్టం, నిరాశ, మానసిక ఒత్తిడి కూడా చేర్చింది. 2010లో రాజ్‌కుమార్ కేసులో ఈ పద్దులను ఇంకా విడమరిచి చెప్పింది. గాయాల వల్ల కలిగిన నొప్పి, బాధ, ట్రామా అని అక్కడ ట్రామా అన్న మాటే వాడింది. మామూలు గాయాల కేసుల్లో కూడా ఈ పద్దు కింద ఇవ్వాల్సిందే. ఇది పెద్ద కేసులకే పరిమితమైన పద్దు కాదని గుర్తుంచుకోండి.

పెద్ద కేసుల్లో ఎంతవరకు వెళ్ళిందో రెండు ఉదాహరణలు చెబుతాను. తల్లిదండ్రులతో ట్రాక్టరు మీద వెళ్తున్న పన్నెండేళ్ళ పాపను 2007లో ట్రక్కు ఢీకొట్టింది. తలకు దెబ్బ తగిలి బుద్ధి తొమ్మిది నెలల బిడ్డ స్థాయికి వచ్చింది. ట్రిబ్యునల్ 11 లక్షల చిల్లర ఇచ్చింది. 2020లో సుప్రీంకోర్టు దాన్ని 62 లక్షల 27 వేలకు పెంచింది. అందులో 15 లక్షలు ఆ పాప పడే బాధకు, పోగొట్టుకున్న జీవన సుఖాలకు. 2024 నవంబరులో ఇంకో కేసులో, 90 శాతం వైకల్యం వచ్చిన ఒక ఉద్యోగికి ఒక్క పెయిన్ అండ్ సఫరింగ్ పద్దు కిందే 15 లక్షలు ఇచ్చింది. ఈ అంకెలు చూసి మనకూ అంతే వస్తుందని ఎవరూ అనుకోవద్దు. అవి జన్మంతా మంచానికో, ఇంకొకరి చేతులకో అంటిపెట్టుకుని బతకాల్సిన వాళ్ళ కేసులు. అంకె కాదు, ఆ పద్దు ఎంత గట్టిదో చూడమంటున్నాను.

మళ్ళీ మన టీచరు గారి దగ్గరికి వస్తాను. ఆయన్ని క్రాస్‌లో అడిగిన మొదటి ప్రశ్న, "ఉద్యోగం చేస్తున్నారా?" "చేస్తున్నానండీ." "జీతం తగ్గిందా?" "లేదండీ." ఆ రెండు జవాబులతో తన కేసు పోయిందనుకుని ఆయన బయటికొచ్చి కూలబడ్డారు. పోలేదు. జీతం తగ్గకపోతే 'భవిష్యత్ సంపాదన నష్టం' పద్దు కింద రాకపోవచ్చు, అంతే. బాధకు, జీవితంలో పోయిన సుఖానికి ఇచ్చేది దానితో సంబంధం లేని వేరే పద్దు. ప్రభుత్వ ఉద్యోగంలో కొనసాగుతున్న వాళ్ళ విషయంలో రాజ్‌కుమార్ తీర్పులోనే ఈ తేడా స్పష్టంగా ఉంది. కాబట్టి జీతం అడిగినప్పుడు జీతం గురించి నిజం చెప్పండి. పెళ్ళాం బిడ్డల్ని బండెక్కించుకోలేకపోతున్నాను అన్న నిజాన్ని కూడా అదే గొంతుతో చెప్పండి. మగవాళ్ళకి ఇది చాలా కష్టంగా ఉంటుంది. భయపడుతున్నాను అని నలుగురిలో ఒప్పుకోవడానికి ఆయనకి ఏడాది పట్టింది.

ఇక డాక్టరు సంగతి. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళండి అనగానే నాకు వచ్చే మొదటి మాట, "పిచ్చి డాక్టరు దగ్గరికా మేడం?" రెండో మాట, "ఇంట్లో పెళ్ళి కావాల్సిన పిల్ల ఉంది." ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. సంబంధాలు చూసేటప్పుడు మనవాళ్ళు ఎంత దూరం ఆరా తీస్తారో నాకు తెలుసు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత వైద్యులది, ఆసుపత్రిది. అయితే మీ అంతట మీరు కోర్టులో దాఖలు చేస్తే ఎదుటి పక్షం చూస్తుంది, అది తప్పదు. ఏ కాగితాలు వేయాలి, ఏవి అక్కర్లేదు అన్నది మీ వకీలుతో కూర్చుని తేల్చుకోండి. ఆ భయంతో అసలు వైద్యమే మానేయడం మాత్రం వద్దు. కేసు కంటే ముందు మనిషి. పెద్దాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది, చీటీ తీసుకుని వెళ్ళొచ్చు. బయటికి వెళ్ళలేకపోతే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వానిది, ఉచితం. తెలుగులోనే మాట్లాడతారు.

కేసు వరకు చూస్తే డాక్టరు దగ్గర మూడు విషయాలు జాగ్రత్త. ప్రమాదం జరిగిందనీ, ఎప్పుడు జరిగిందనీ, ఆ తర్వాతే ఇవన్నీ మొదలయ్యాయనీ మొదటి రోజే చెప్పండి, ఓపీ చీటీ మీద రాయించండి. 'నిద్ర లేదు' అని మాత్రమే రాసి ఉంటే రేపు ఎదుటి వకీలు అది షుగరు వల్ల, ఇంటి అప్పుల వల్ల అంటారు. మందుల బిల్లులే కాదు, చీటీలు కూడా దాచండి. మన ఇళ్ళల్లో బిల్లులు దాస్తారు, డాక్టరు రాసిన చీటీ మందుల షాపులో వదిలేసి వస్తారు. మూడోది, ఒక్కసారి వెళ్ళి సర్టిఫికెట్ రాయించుకోవడం పనికిరాదు. వైద్యం చేసిన డాక్టరు సాక్ష్యం చెప్పాలి, సర్టిఫికెట్ ఎలా ఇచ్చారో వివరించాలి. డాక్టర్లకు కోర్టుకి రావడం ఇబ్బందే. వాళ్ళ ఆసుపత్రికే అడ్వకేట్ కమిషనర్‌ని, అంటే కోర్టు నియమించిన వకీలుని, పంపి సాక్ష్యం రికార్డు చేయమని ట్రిబ్యునల్‌ని అడగొచ్చు. మన టీచరు గారి డాక్టరు అలాగే చెప్పారు, మధ్యాహ్నం ఓపీ అయ్యాక, తన గదిలోనే.

పిల్లల గురించి విడిగా చెప్పాలి. ఆ పాపకు మోచేతులు దోక్కుపోయాయన్నాను కదా, ఆ పాప పేరు మీద అసలు కేసే వేయనక్కర్లేదని ముందు వాళ్ళ బంధువులు అన్నారు. ఒకే కారులో ముగ్గురు ఉంటే ముగ్గురికీ మూడు పిటిషన్లు. ఎవరి గాయం వాళ్ళది, ఎవరి బాధ వాళ్ళది. మైనరు తరఫున తల్లో తండ్రో సంరక్షకులుగా వేస్తారు. పిల్లలు "నాకు భయంగా ఉంది" అని చెప్పరు. కడుపునొప్పి అంటారు, బడికి వెళ్ళనంటారు, బొమ్మ కార్లు తెచ్చి ఢీకొట్టించి ఆడుతూనే ఉంటారు. ఈ పాప కారు బొమ్మ వేస్తే ప్రతిసారీ ముందు సీట్లు ఖాళీగా వదిలేసేది. ఆ బొమ్మల పుస్తకం డాక్టరు గారికి చాలా ఉపయోగపడింది. ఆ పాపకు వచ్చిన డబ్బు పద్దెనిమిదేళ్ళు నిండేదాకా బ్యాంకులో డిపాజిట్‌గా ఉంచమని కోర్టు చెప్పింది. మామూలుగా అలాగే చేస్తారు, కంగారు పడకండి.

టీచరు గారికి కాలర్ బోన్ కేసుల్లో సాధారణంగా బాధ పద్దు కింద ఇచ్చేదానికంటే బాగా ఎక్కువే వచ్చింది. తీర్పులో డాక్టరు సాక్ష్యంతో పాటు కేలండరు గురించి కూడా రాశారు. ఆ పేరా చదివి వినిపిస్తే ఆవిడ, "నా రాత కోర్టులో ఉందా మేడం" అని రెండుసార్లు అడిగింది.

ఇప్పుడు చట్టంలో ఇబ్బంది పెట్టే విషయాలు. ఇవి దాచి చెబితే మీకు ద్రోహం చేసినట్టే.

మొదటిది గడువు. చట్టాన్ని 2019లో సవరించారు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలి. దీన్ని సవాలు చేస్తూ సుప్రీంకోర్టుకి వెళ్ళినవాళ్ళున్నారు. వాళ్ళ కేసు ఏమైనా కానీ, మీరు మాత్రం ఆరు నెలలే అనుకుని నడవండి. నాకు ఇందులో కడుపు మండే సంగతి ఒకటుంది. కొంతమందిలో పీటీఎస్‌డీ పూర్తిగా బయటపడటానికే ఆరు నెలలు, అంతకంటే ఎక్కువ పడుతుందని వైద్యశాస్త్రమే చెబుతోంది. అంటే జడుపు బయటికొచ్చే వేళకి గడువు తలుపు మూసుకుంటుంది. ఈ నిబంధన రాసినవాళ్ళు ఎముకల గురించే ఆలోచించారు. మరి మనం ఏం చేయాలి? ఒంటి మీద ఉన్న గాయం ఆధారంగా గడువులోపే పిటిషన్ వేసేయండి. అందులోనే మానసిక బాధ ఉందని, చికిత్స అవసరం పడొచ్చని ఒక పేరా రాయించండి. తర్వాత డాక్టరు కాగితాలు వస్తే సవరణ అడగొచ్చు. అడిగిన మొత్తం కంటే ఎక్కువ ఇచ్చే అధికారం కూడా ట్రిబ్యునల్‌కి ఉందని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. పోలీసులు కూడా 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 90 రోజుల్లో వివరమైన నివేదిక ట్రిబ్యునల్‌కి పంపాలి. స్టేషన్‌కి వెళ్ళి ఆ నివేదిక ఏమైందో కనుక్కోండి. వాళ్ళు పంపుతారులే అని ఇంట్లో కూర్చోవద్దు.

రెండోది ఇంకా కష్టమైనది. ఒంటికి ఏమీ కాలేదు, కానీ కళ్ళ ముందే ప్రమాదం చూశారు, దానివల్ల మనసు దెబ్బతింది, అప్పుడేమిటి? ట్రిబ్యునల్ పరిధి మరణం, శరీర గాయం, ఆస్తి నష్టం అని చట్టంలో ఉంది. శరీర గాయం ఏమాత్రం లేని కేసు గెలవడం ఇవాళ్టికి కష్టమే. గీరుకుపోయిన గాయమైనా సరే, వాపైనా సరే, ప్రమాదం రోజే ఆసుపత్రిలో చూపించుకుని రాయించమని అందుకే చెబుతున్నాను. "నాకేం కాలేదు, ముందు వాళ్ళని చూడండి" అని పక్కకు తప్పుకునేది ఎక్కువగా ఆడవాళ్ళు. మంచి మనసే. కానీ ఆ తర్వాత వాళ్ళ పేరు ఏ కాగితంలోనూ ఉండదు.

ఢీకొట్టి పారిపోయిన వాహనం దొరకకపోతే, వేరే పథకం కింద చనిపోయినవారి కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి 50 వేలు వస్తాయి. అందులో మనసు బాధకు విడిగా పద్దు లేదు.

చనిపోయినవాళ్ళ ఇళ్ళవాళ్ళు కూడా ఇక్కడున్నారు. మీ ముందు అంకెలు చెప్పడం నాకు ఎప్పుడూ కష్టమే, అయినా తెలియాలి. 2017లో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం ప్రణయ్ సేథీ కేసులో, జీవిత భాగస్వామిని పోగొట్టుకున్నందుకు 40 వేలు అని ఖరారు చేసింది. మూడేళ్ళకోసారి పది శాతం పెంచమంది. మరుసటి ఏడాది ఇంకో తీర్పులో ఇది భర్తకో భార్యకో మాత్రమే కాదు, తండ్రిని పోగొట్టుకున్న పిల్లలకు, బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు కూడా వర్తిస్తుందని చెప్పింది. సంపాదన నష్టం లెక్క వేరు, అది పెద్దది. ఇది ఎడబాటుకు ఇచ్చేది. ఒక్కగానొక్క కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి ఈ అంకె విని, "నాకొద్దమ్మా, వాడి ఫోను ఇప్పించు పోలీసుల దగ్గర్నుంచి, అందులో వాడి గొంతుంది" అంది. ఆ ఫోను ఇప్పించడానికి నాలుగు నెలలు తిరిగాను. డబ్బు కూడా తీసుకోమని ఆవిడకి నచ్చజెప్పాను. అది బిడ్డకు కట్టిన ధర కాదు. ఒకరి నిర్లక్ష్యం వల్ల ఈ ఇంటికి అన్యాయం జరిగిందని కోర్టు రాతపూర్వకంగా ఒప్పుకోవడం. అదే కారులో ఆ తల్లికీ గాయమైతే, ఎడబాటు పద్దుతో పాటు తన గాయానికి, తన జడుపుకి వేరే పిటిషన్ వేయవచ్చు. చాలామంది ఇది వేయరు, బిడ్డ పోయాక నా గాయం ఏపాటిదని ఊరుకుంటారు.

రాజీల గురించి. ప్రమాదం జరిగిన వారంలోనే పెద్దమనుషులొచ్చి, ఇంత తీసుకుని సంతకం పెట్టండి అంటారు. అప్పటికి కట్టు కూడా విప్పి ఉండరు. ఏ కాగితం మీదైనా ఇక ఏమీ అడగను అన్న మాట ఉంటే ఆగండి. లోక్ అదాలత్ మంచిదే, త్వరగా తేలుతుంది. నేనూ ఎన్నో కేసులు అక్కడ ముగించాను. అయితే అక్కడ ఒప్పుకున్నాక అప్పీలు ఉండదు. మనసుకి వైద్యం ఇంకా సాగుతుంటే, డాక్టరు ఎంతకాలం పడుతుందంటున్నారో తెలుసుకుని, ఆ ఖర్చు కలుపుకుని అప్పుడు ఒప్పుకోండి.

ఫీజు గురించి కూడా నేనే చెప్పాలి, ఎందుకంటే మా వృత్తివాళ్ళు చెప్పరు. ఆసుపత్రి బయట చేరి, వచ్చినదానిలో ఇంత శాతం మాకు అని సంతకాలు చేయించుకునేవాళ్ళుంటారు. వచ్చే పరిహారంలో వాటా తీసుకునే ఒప్పందం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది. జడుపులో ఉన్న మనిషి ఏది పెడితే దాని మీద సంతకం పెడతాడు. అటువంటి సమయంలో ఇంట్లో ఒకరు స్థిమితంగా ఉండి చదివి చూడాలి. ఆడవాళ్ళు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, వీళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం వస్తుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి. వకీలును వాళ్ళే పెడతారు.

కేసు నడిచినన్నాళ్ళూ ఒక విషయంలో మాత్రం తొణకవద్దు. బాధ ఉంటే ఉందనండి, తగ్గితే తగ్గిందనండి. పెళ్ళిలో నవ్వుతున్న ఫోటో వాట్సాప్‌లో పెట్టారని క్రాస్‌లో చూపిస్తారు. నవ్వానండీ, ఆ రాత్రి మళ్ళీ నిద్ర పట్టలేదు అని చెప్పడంలో సిగ్గు లేదు. లేని బాధ చెబితే జడ్జి గారు ఇట్టే కనిపెడతారు. నష్టపోయేది మీరొక్కరే కాదు, మీ తర్వాత నిజమైన బాధతో బోనెక్కే మనిషి కూడా.

ఒక అమ్మ చీటీ పంపారు, చదువుతాను. 'మా ఆయన ఆటో నడుపుతారు. కారు గుద్ది పద్దెనిమిది రోజులైంది. చేతికి కట్టుంది. రాత్రి కేకలు వేస్తున్నారు. పొద్దున అడిగితే ఏమీ లేదంటున్నారు. కేసులో రాయొచ్చా?'

రాయొచ్చమ్మా, రాయాలి. ఇంకా పద్దెనిమిది రోజులే, గడువుకి చాలా టైముంది. రేపు ఓపీకి వెళ్ళినప్పుడు ఎముకల డాక్టరుకే ఈ కేకల సంగతి చెప్పు, చీటీ మీద రాయమను. అక్కడినుంచి సైకియాట్రీకి రాసి పంపమని అడుగు. ఆయన రానంటే మొదటిసారి నువ్వొక్కదానివే వెళ్ళి మాట్లాడినా పర్లేదు. ఈ రాత్రి నుంచి తారీకు వేసి రాసిపెట్టు. నోటు పుస్తకమైనా సరే, కేలండరైనా సరే. రాయడం రాకపోతే మీ పాప చేత రాయించకు, ఆ పిల్లకి అది బరువు. పక్కింటి అక్క చేత రాయించు.

ఎవరైనా కాగితాలు తెచ్చుకుని ఉంటే ఇక్కడే ఉంటాను, చూస్తాను. ముందు ఆ వెనక వరుసలో కుర్చీలో ఉన్న పెద్దాయనని రానివ్వండి, ఆయన బస్సు ఆరున్నరకి.